జీలుగ మడుగు నుంచి చిక్కడపల్లికి

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలియగానే మా బళ్ళో తోటి టీచర్లు అడిగిన మొదటి మాట, చార్మినారు చూశావా అని. చూడలేదు. గోల్కొండా చూడలేదు. గాజులు కూడా కొనుక్కోలేదు. మేము ఉన్నన్నాళ్ళూ తిరిగింది చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ. ఆ మూడూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న పేటలు, ఈ చివరి నుంచి ఆ చివరికి కాళ్ళు నొప్పెట్టకుండా నడిచిపోవచ్చు. "అక్కడ చూడ్డానికేముందమ్మా!" అని మూతి విరిచిన ప్రతివాళ్ళకీ కథంతా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

వెళ్ళింది నేనూ, మా మాణిక్యం వదినా. వదినంటే మా ఆయనకి అక్కగారు. పెళ్ళిలో వధూవరుల నుదుట కట్టే బాసికాలు చెయ్యడం ఆవిడ పని. మాది కొల్లేటి దగ్గరి పల్లం. వదిన భర్త పెళ్ళయిన కొన్నాళ్ళకే పోతే, మా మామగారు ఆవిడని ఇంటికి తీసుకొచ్చి, ఊరి చివర మడుగు చూపించి "ఇది నీదమ్మా" అన్నారు. నోటిమాటే. కాగితం మాత్రం మా ఆయన పేరున ఉంది.

ఆ మడుగు పేరుకి పొలం. వరి వేస్తే దుబ్బు కట్టకముందే కుళ్ళిపోతుంది. గట్టు దగ్గర తుంగ, ఇంకాస్త లోపల జమ్ము, కిక్కిస గడ్డి, నీళ్ళు నిలిచిన చోట కలువలు, తూటికూర, వద్దన్నా పాకే గుర్రపుడెక్క. వీటన్నిటి మధ్యా జీలుగ. చూడ్డానికి మామూలు మొక్కే, పసుప్పచ్చ పూలు పూస్తుంది. కాడ మీది పల్చటి గోధుమరంగు తోలు తీస్తే లోపలంతా తెల్లటి బెండు. మోపెడు బెండు చంటిపిల్లని ఎత్తినంత తేలిగ్గా చంకనేసుకోవచ్చు. కార్తీకం వెళ్ళాక వదిన మొలలోతు నీళ్ళలో దిగి జీలుగ కోసి, ఎండబెట్టి, కాడని చేత్తో తిప్పుతూ పల్చటి కత్తితో కాగితంలా ఒలుస్తుంది. ఆ పొరల్లోంచి రేకులు, చిలకలు, మొగ్గలు కత్తిరించి, చింతగింజల జిగురుతో అంటించి, మీద తళుకులద్దుతుంది. ఇన్నేళ్ళూ ఆవిడ తిండీ బట్టా అందులోంచే వచ్చాయి.

ఈమధ్య మా చుట్టుపక్కల పల్లమంతా రొయ్యల చెరువులైపోయింది. మా మడుగు కౌలుకి కావాలని మోటారు సైకిళ్ళ మీద మనుషులు రావడం మొదలుపెట్టారు. అదే సమయానికి, ఏళ్ళ తరబడి వదిన సరుకు తీసుకుంటున్న చిక్కడపల్లి దుకాణం నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. మా ఆయన తెగేసి చెప్పాడు. "చూడక్కా, ఉగాది దాకా ఆగుతాను. ఆర్డరు తెచ్చుకున్నావా, మడుగు జోలికి రాను. లేదంటే కౌలుకిచ్చేస్తాను." కౌలు డబ్బులొస్తే మా పెంకుటింటికి స్లాబు పడుతుందని నాకూ లోపల ఆశే. అయినా వదిన ఒక్కతే రైలెక్కి ఎక్కడికి పోతుంది? మాఘమాసంలో, పెళ్ళిళ్ళు జోరుగా జరిగే రోజుల్లో, అట్టపెట్టె నిండా బెండు బాసికాలు పెట్టుకుని ఇద్దరం నర్సాపురం బండెక్కాం.

చిక్కడపల్లిలో చాయ్

చిక్కడపల్లి పొద్దున్నే లేస్తుంది కానీ దుకాణాలు మాత్రం లేవవు. మా ఊళ్ళో ఎనిమిదింటికి కొట్టు తెరవనివాణ్ణి సోమరి అంటారు. ఇక్కడ పదింటికి షట్టరెత్తి, అగరొత్తి వెలిగించి, అప్పుడు చాయ్ చెప్పడం మర్యాద. అప్పటిదాకా మేము ఓ అరుగు మీద అట్టపెట్టె పట్టుకుని కూచున్నాం. వచ్చేపోయేవాళ్ళు పెట్టెలో కోడిపిల్లలున్నాయేమోనని తొంగి చూశారు.

దుకాణదారు వీరేశంగారు పొట్టిగా, నవ్వుమొహంతో ఉంటాడు. అన్నేళ్ళ నుంచి సరుకు పంపుతున్నా వదిన ఆయన్ని చూడ్డం అదే మొదలు.

"మీరేనా మాణిక్యమ్మ అంటే? రాండ్రి అక్కా, కూసోండ్రి. గంత దూరంకెల్లి వచ్చిన్రు, ముందుగాల చాయ్ తాగుండ్రి" అన్నాడు.

ఇరానీ హోటల్ నుంచి చాయ్ వచ్చింది, సాసర్లో ఉస్మానియా బిస్కెట్లతో సహా. మా వైపు టీ గ్లాసులో వస్తుంది, ఒక్క గుక్కలో అయిపోతుంది. ఇది చిక్కగా, తియ్యగా, పెదాలు అంటుకుపోయేలా ఉంది. బిస్కెట్టు మాత్రం భలేగా ఉంది. నేను రెండు తిన్నాను. వదిన ముట్టలేదు. పెట్టె విప్పి ఒక్కొక్క జతా గాజుబల్ల మీద పరిచింది.

వీరేశంగారు ఒకటి ఎత్తి చూసి, మెచ్చుకుంటున్నట్టు తలాడించి, మళ్ళీ మెల్లగా కింద పెట్టేశాడు. అది చూడగానే నాకు సంగతి అర్థమైపోయింది.

"అక్కా, నీకు అబద్ధం చెప్పి పరేషాన్ చెయ్య. ఇప్పుడంత గివే నడుస్తున్నయి" అని బల్ల కింది నుంచి ఓ అట్టపెట్టె తీశాడు. అందులో మంచులా తెల్లటి బాసికాలు, ఎర్రటి గులాబీరంగు తళుకులతో. వాళ్ళు బాసికమనరు, బాసింగం అంటారు. "థర్మకోల్. వానకు తడవది, పురుగు పట్టది. బెండు బాసింగం కావాలని అడిగెటోళ్ళే లేరు. అందుకే ఉత్తరం రాయలే."

వదిన దాన్ని చేతిలోకి తీసుకుని ఎగరేసి చూసింది. గోటితో గిల్లింది. వాసన చూసింది.

"దీన్ని ఏ నీళ్ళలో పండిస్తారండీ?" అనడిగింది.

"పండియ్యరక్కా. ఫ్యాక్టరీల చేస్తరు."

"ఏడ్చినట్టుంది" అంది వదిన. వీరేశంగారు పకపకా నవ్వాడు. నేను సిగ్గుతో చచ్చాను.

ఆయన మంచివాడే. బెండువి ఒక్క జత తీసుకుని, డబ్బిచ్చి, దుకాణంలో దేవుడి పటానికి కట్టాడు. "అమ్ముడువోవు అక్కా, కని ఇంత మంచిగున్నయి, దేవునికి ఉండనీ" అన్నాడు. తరవాత ఇంకో మాటన్నాడు. "నీ చెయ్యి మంచిగున్నది. గీ పనే థర్మకోల్ మీద చేసి చూడు. ఎల్లుండి నారాయణగూడల మా చెల్లె బిడ్డ పెండ్లి. దానికే ఒక జత చెయ్యి. మంచిగొస్తే ఆర్డర్ నేనిస్త. మా ఇంటిపైన ఆడపిల్లలు కిరాయికుంటరు, అంతదాంక అక్కడ్నే ఉండుండ్రి."

వదిన బాసికాలన్నీ ఒక్కొక్కటే పెట్టెలో సర్దింది. దారిలో నేనే ఉండబట్టలేక "ఏం చేద్దాం వదినా?" అన్నాను. "నువ్వు రెండు బిస్కెట్లు తిన్నావుగా, ఆకలి లేదు కదా, నోరు మూసుకుని నడువు" అంది.

అశోక్‌నగర్, మేడ మీద

అశోక్‌నగర్లో గోడలన్నీ కాగితాలే. గ్రూప్-వన్ కోచింగ్, గ్రూప్-టూ కోచింగ్, టైపు, షార్ట్‌హ్యాండు. టీ బండి దగ్గర నిలబడ్డ కుర్రాళ్ళు కూడా ఒకడికొకడు ప్రశ్నలేసుకుంటూ తాగుతారు. మా ఊళ్ళో ఆ వయసువాళ్ళు టీ కొట్టు దగ్గర సినిమాల గురించే మాట్లాడతారు. ఇక్కడ నాకు వినపడినవి, పంచాయతీరాజ్‌కి సంబంధించిన సవరణలు.

వీరేశంగారింటి మేడ మీది గదిలో మమ్మల్ని చేర్చుకున్న పిల్ల పేరు రజిత. జగిత్యాల వైపు పల్లెటూరు. గ్రూప్-టూ రెండోసారి రాస్తోంది. గదిలో రెండు మంచాలు, కిరసనాయిలు స్టవ్వు, అటక దాకా పుస్తకాలు. వెళ్ళగానే జొన్నరొట్టె చేసి, పచ్చిపులుసుతో పెట్టింది. మాకు పులుసంటే ఉడకాలి. ఉడకని పులుసేమిటని మొదట సందేహించాను గానీ, రెండోసారి పోసుకున్నాక నోరు మెదపలేదు.

వదిన పెట్టెలోంచి చిన్న బెండు ముక్క తీసి రజిత చేతిలో పెట్టింది, పసిపిల్లలకి తాయిలం ఇచ్చినట్టు. రజిత దాన్ని నొక్కి చూసి, "ఇది నా పుస్తకంల ఉన్నది పెద్దమ్మా!" అని గెంతినంత పని చేసి, అట్ట ఊడిన పుస్తకమొకటి లాగింది.

"చిత్తడి నేలల మొక్కలని ఒక పాఠమున్నది. బురదల ఉంటే వేర్లకు గాలి అందది గద. అందుకని కాడలనే గాలి అరలు చేసుకుంటయంట. గివే అరలు. నీ బెండు అంటే మొత్తం గాలే పెద్దమ్మా."

వదిన చాలాసేపటికి నవ్వింది. "అయితే ఇన్నేళ్ళూ నేను గాలి అమ్ముకు బతికానంటావా?"

"గాలి అమ్ముడు అందరికి వస్తదా?" అంది రజిత.

వాళ్ళ ఊరి చెరువులోనూ ఇలాంటిదేదో మొలుస్తుందట గానీ ఎవరూ పట్టించుకోరట. తుంగ మాత్రం తెలుసు, జమ్ము తెలుసు. అల్లిపూల కోసం చిన్నప్పుడు చెరువులో దిగి తల్లి చేత దెబ్బలు తిందట. మేము కలువంటాం, వాళ్ళు అల్లి అంటారు. ఆ సాయంత్రమంతా వాళ్ళిద్దరూ బురద మొక్కల ముచ్చట్లే. నాకు ఆవులింతలొచ్చాయి. పడుకోబోయే ముందు వదిన దుప్పటి తీసి నా వైపు తిరిగింది.

"ఆ థర్మకోలు ఎక్కడ అమ్ముతారో రేపు కనుక్కో. ఉత్త చేతుల్తో వెళ్తే మీ ఆయన ఆ సాయంత్రమే రొయ్యల వాళ్ళని పిలుస్తాడు" అంది.

బజారు, నాలా

మర్నాడు పొద్దున్న ముందు కూరగాయల బజారుకి వెళ్ళాం. పొన్నగంటికూర చిన్న చిన్న కట్టలు కట్టి అమ్ముతున్నారు. మా గట్టు మీద చీపురుతో ఊడ్చేంత ఉంటుంది, కట్ట రూపాయి చెప్పేసరికి వదిన గుండె పట్టుకుంది. తామరదుంపలు చూసి మరీ ఆశ్చర్యపోయింది. చక్కగా కడిగి, పొడుగ్గా పేర్చి ఉన్నాయి. వాళ్ళు కమల్ కాక్డీ అంటారు, వేపుడు చేసుకుంటారట. మా వైపు కరువొస్తేనే తప్ప ఎవరూ తవ్వరు. బండి మీద ఒకతను ఉడకబెట్టిన నల్లటి కాయలు అమ్ముతున్నాడు. ఎద్దు తలకాయలా రెండు కొమ్ములున్నాయి. సింగాడాలట, చెరువులో కాసేవే. నేను పొట్లం కొన్నాను. కొమ్ము చిగుళ్ళో గుచ్చుకుని రక్తం వచ్చింది. లోపలి పప్పు మాత్రం చేమదుంపలా కమ్మగా ఉంది.

తిరిగొస్తుంటే నాలా మీద వంతెన. హుస్సేన్‌సాగర్ నుంచి వచ్చే మురుగునీళ్ళ కాలువ అది. కంపు ముక్కు బద్దలు కొట్టేలా ఉంటే నేను కొంగు అడ్డం పెట్టుకుని గబగబా దాటేశాను. వెనక్కి చూస్తే వదిన పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయింది. కింద గుర్రపుడెక్క ఒత్తుగా అల్లుకుని లేత ఊదారంగు పూలు పూసింది. అంచుల్లో తుంగ, ఓ మూల జమ్ము కంకులు.

"మన మడుగే!" అంది.

"కంపు కొడుతుంటే మన మడుగేమిటి వదినా?"

"కంపు మనుషులది. మొక్కలేం చేశాయి? బురదుంటే చాలు వాటికి, ఎవరి బురదని అడగవు."

అప్పుడే నేను చూశాను. ఆ గుర్రపుడెక్క మీద చెత్తతోపాటు రెండు బాసికాలు తేలుతున్నాయి, దారాలతో సహా. మా వైపు పెళ్ళయ్యాక కంకణాలు, బాసికాలు నీళ్ళలో కలిపేస్తారు. ఇక్కడివాళ్ళు దేవుడి మూల మేకుకి తగిలించుకుంటారని రజిత చెప్పింది. ఇవి ఎవరివో మరి, మా వైపువాళ్ళవే కావచ్చు. రంగు వెలిసి, తళుకులు పోయాయి గానీ, థర్మకోలు మాత్రం చెక్కు చెదరలేదు. బెండైతే ఈపాటికి నాని, కుళ్ళి, బురదలో కలిసిపోయేది. వదిన వాటినే కాసేపు చూసి, "పద, థర్మకోలు దుకాణం చూపించు" అంది.

ఆ మధ్యాహ్నం రజిత గదిలో జరిగింది చెప్తే నవ్వుతారు. బెండు ఒలిచే కత్తి థర్మకోలు మీద పెట్టగానే అది పొర లేవడానికి బదులు రవ్వ రవ్వగా రాలింది. రాలింది రాలినట్టుంటే బాగుండును. తెల్లటి గుళికలన్నీ చీరలకి, జుట్టుకి, దుప్పట్లకి, పుస్తకాలకి అంటుకున్నాయి. దులిపితే చేతికి, చేతి నుంచి దులిపితే ముక్కుకి. చీపురుతో ఊడిస్తే చీపురుకి పట్టుకున్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు ఇందుకే" అన్నాను.

"నేను పుట్టిందే అడుసులో. నాకా చెప్తున్నావు?" అంది వదిన, తలెత్తకుండానే.

రజిత క్లాసు నుంచి వచ్చి గది చూసి "అయ్యో పెద్దమ్మా, మంచు పడ్డదా?" అని నెత్తిన చెయ్యి పెట్టుకుంది. కరెంటు పోయినప్పుడు చదువుకునే కొవ్వొత్తి ఉంటే వెలిగించి, "కత్తి జర కాల్చి చూడు" అంది. వేడి కత్తికి థర్మకోలు వెన్నలా తెగింది. వాసన మాత్రం గొంతులో పట్టుకుంది. కిటికీలు తెరిచి, సాయంత్రం దాకా వదిన రేకులు కోసింది. అంత పల్చటి రేకులు వీరేశంగారి దుకాణంలో ఒక్కటీ లేవు. ఆ తరవాత, ఎప్పుడూ చేసినట్టే, స్టవ్వు మీద చింతగింజల జిగురు కాచింది. గింజలు మా ఊరి నుంచే తెచ్చుకుంది. రేకులంటించి, తళుకులద్ది, నడిమధ్య ఒక చిలకని కూచోబెట్టింది. నిజం చెప్పాలంటే ఆ జత దివ్యంగా ఉంది. మేడ మీది ఆడపిల్లలంతా వచ్చి చూసి వెళ్ళారు. ఒకమ్మాయి తన నుదుటికి ఆనించుకుని అద్దంలో చూసుకుంది.

నారాయణగూడలో పెళ్ళి

నారాయణగూడ ఫంక్షన్ హాల్లో పెళ్ళి. మా వైపు పెళ్ళికి తాటాకు పందిరి ఉండాలి, బురద ఉండాలి, అరుపులుండాలి. ఇక్కడ ఫ్యాన్లు, కుర్చీలు. మగపెళ్ళివారు రాగానే ఎదురుకోళ్ళు. పానకం బిందెలతో ఆడవాళ్ళు ఎదురెళ్ళి వేళాకోళాలాడారు. అది నాకు నచ్చింది. మా వైపు మగపెళ్ళివారిని ఆటపట్టించాలంటే భయపడతారు.

వీరేశంగారు మా బాసికాలని పళ్ళెంలో పెట్టి అందరికీ చూపించాడు. "ఎవలు చేసిన్రు? ఏ దుకాణంల దొరుకుతయి?" అని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళడిగారు. వదిన కొంగు సర్దుకుంది. ఆ ఊళ్ళో అడుగుపెట్టాక ఆవిడ మొహం విప్పారింది అప్పుడే. నేనూ మనసులో స్లాబు సంగతి మర్చిపోయి, ఆర్డరు వచ్చేసినట్టే అనుకున్నాను.

పురోహితుడు బాసికాలు కట్టించాడు. జీలకర్రా బెల్లం అయింది. వీడియో అబ్బాయి తన లైటు తెచ్చి పెళ్ళికొడుకు మొహం ముందు పెట్టాడు. ఎండాకాలపు మధ్యాహ్నంలా ఉంది ఆ లైటు. "అన్నా, జర మొఖం ఇటు తిప్పుండ్రి. నవ్వుండ్రి" అంటున్నాడు. పెళ్ళికొడుకు నవ్వాడు. అతని నుదుటి మీది నుంచి ఒక రేకు ఊడి ఒళ్ళో పడింది.

చింతగింజల జిగురు బెండులోకి ఇంకుతుంది. అందుకే పట్టుకుంటుంది. థర్మకోలులోకి ఏదీ ఇంకదు. రాత్రంతా పైపైన ఆరి కూచున్న జిగురు ఆ లైటు వేడికి పటపటా పగిలింది. ఒక రేకు, ఇంకో రేకు, తళుకులు, మొగ్గలు. ఆఖరికి చిలక జారి ముక్కు మీద పడితే, పెళ్ళికొడుకు ఏ పురుగో అనుకుని తన నుదురు తనే ఫట్టున కొట్టుకున్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. అతని తల్లి నవ్వలేదు. "గిదేం అపశకునం!" అని లేచి నిలబడింది.

నేను వదిన చెవిలో, "పెట్టెలో బెండువి ఉన్నాయిగా, తీసుకురానా?" అన్నాను.

"కట్టిన బాసికం కంకణం విప్పేదాకా తియ్యకూడదు. కూచో" అంది.

పురోహితుడు మాత్రం చెక్కుచెదరలేదు. "ఏం గాదమ్మా, దారం ఉన్నది గద, బాసింగం ఉన్నట్టే లెక్క" అని మంత్రం అందుకున్నాడు. పెళ్ళి జరిగిపోయింది. పెళ్ళికొడుకు నుదుట బోడి థర్మకోలు ముక్కతో తలంబ్రాలు పోశాడు. అసలే గుండెలవిసి ఉన్న వదినకి, గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆ చిలకని ఎవరో చిన్నపిల్ల తెచ్చి "ఇది మీదేనంట" అని చేతిలో పెట్టింది.

భోజనంలో బగారన్నం, గుత్తివంకాయ, డబుల్ కా మీఠా. మీఠా అంటే నేతిలో వేయించిన బ్రెడ్డుని పాకంలో నానేసింది. మా బూరెలకి సాటి రాదు గానీ తీసిపారేయాల్సిందీ కాదు. వదిన వరస చివర కూచుని విస్తరి ముట్టలేదు. "పోయింది. మడుగు పోయింది. నా చేతుల్తో నేనే పోగొట్టాను" అంది. కళ్ళనీళ్ళు విస్తట్లో పడుతున్నాయి. ఆవిడ ఏడవడం నేను కాపరానికి వచ్చాక అదే మొదటిసారి చూడడం. నేను మాత్రం అన్నం తిన్నాను. ఏడుపు ఆవిడది, ఆకలి నాది.

మళ్ళీ దుకాణం

మర్నాడు సాయంత్రం మా బండి. వెళ్ళేముందు వీరేశంగారికి క్షమాపణ చెప్పాలని వదిన పట్టుబట్టింది. నాకు మళ్ళీ ఆ మొహం చూడాలంటే తల తీసేసినట్టుంది. అయినా వెళ్ళాం.

ఆయన మమ్మల్ని చూడగానే కడుపు పట్టుకుని నవ్వాడు. "అక్కా, పెండ్లి క్యాసెట్ వస్తే మా ఇంట్ల సినిమాలెక్క చూస్తరు!" అన్నాడు. వదిన చేతులు జోడించబోతే ఆపాడు. "నువ్వేమన్న కావాలని చేసినవా? థర్మకోల్‌కి తెల్ల గమ్ము పెట్టాలె. గదొక్కటే తప్పు. ఊడిపోకముందు ఎంతమంది అడిగిన్రో నువ్వే చూసినవ్ గద. నా దగ్గరున్నయన్ని అచ్చు గుద్దినట్టుంటయి. నీ చేతివి గట్లుండవు. వైశాఖం పెండ్లిళ్ళకు నువ్వెన్ని చేస్తే గన్ని తీసుకుంట. చేస్తవా?"

వదిన దేవుడి పటం వైపు చూసింది. తన బెండు బాసికాలు అక్కడ వేలాడుతున్నాయి.

"వాటితోపాటు బెండువి కూడా కొన్ని పంపనా?" అనడిగింది.

ఆయన నవ్వు ఆగిపోయింది. "వద్దక్కా. పంపితే పారెయ్య బుద్ధిగాదు, అమ్ముడు గాదు."

ఆవిడ కాసేపు బల్ల మీది గాజుని వేలితో రాస్తూ నిలబడింది. తరవాత, "సరే. చేస్తాను" అంది. ఆ రోజు చాయ్ తాగింది. బిస్కెట్టూ తింది.

దారిలో ఎస్టీడీ బూత్ నుంచి మా ఆయనకి ఫోను చేశాను, ఊళ్ళో మందుల కొట్టుకి. "ఏంటీ, దొరికిందా ఆర్డరు?" అన్నాడు. "దొరికింది" అన్నాను. మీటరు తిరుగుతుంటే పెట్టేశాను. దేనికి దొరికిందో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. రజిత నాలా వంతెన దాకా వచ్చి సాగనంపింది. వదిన మిగిలిన బెండు బాసికాల పెట్టె మొత్తం ఆ పిల్లకే ఇచ్చేసింది. "ఉద్యోగం వచ్చి పెళ్ళి చేసుకున్నప్పుడు కట్టుకో, ఊడవు" అంది.

ఇంటి దగ్గర

బస్సు టాపు మీది నుంచి దింపిన థర్మకోలు పలకల కట్ట చూసి మా ఆయన, "ఇవేంటి?" అన్నాడు.

"ఆర్డరు" అంది వదిన.

ఆయనకి సంగతి అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక మొహం చాటంతైంది. "అయితే ఇంక మడుగెందుకే అక్కా? థర్మకోలు చెయ్యడానికి జీలుగ అక్కర్లేదుగా. నీ పని నీకుంటుంది, కౌలు మనకుంటుంది. రేపే రమ్మంటాను వాళ్ళని."

నేను వదిన మొహం చూశాను. రైల్లో దారి పొడుగునా ఆవిడకి ఈ ప్రశ్న తట్టిందో లేదో నాకు తెలీదు. నాకైతే తట్టింది, నోరెత్తలేదు.

"బెండు కోసమే మడుగు అడిగానని నీకెవరు చెప్పార్రా?" అంది వదిన. గొంతు పెంచలేదు. "మీ బావ పోయిన ఏడు నేను ఎక్కడ ఏడ్చానో తెలుసా నీకు? ఇంట్లో ఏడిస్తే అమ్మకి బెంగ. అత్తారింట్లో ఏడిస్తే విసుగు. మొలలోతు నీళ్ళలో దిగి, చుట్టూ జమ్ము, ఎవరికీ కనపడను, జీలుగ కోస్తూ ఏడ్చాను. నాకంటూ ఉన్న చోటు అదొక్కటే. తిండి సంగతా, ఆ థర్మకోలేదో చేసి నేనే తెచ్చుకుంటాను. నిన్ను ఒక్క ముద్ద అడగను. చోటు మాత్రం ఇవ్వను."

మా ఆయన కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళి, అన్నం వద్దన్నాడు. మర్నాడు తనే సైకిలేసుకుని వెళ్ళి రొయ్యల వాళ్ళకి లేదని చెప్పొచ్చాడు. నాతో మాత్రం వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు, హైదరాబాదు తీసుకెళ్ళింది నేనేనని. ఇంటికి స్లాబు పడలేదు. విరిగిన పెంకులు మార్పించాం.

వదిన వైశాఖానికి చేసినవన్నీ చిక్కడపల్లిలో అమ్ముడయ్యాయి. వీరేశంగారు మళ్ళీ రాశాడు, శ్రావణానికి ఇంకా పంపమని. ఒక్క రేకూ ఊడినట్టు కబురు రాలేదు. మా ఇల్లంతా తెల్లటి రవ్వలే. పప్పులోనూ కనిపిస్తాయి, పిల్లల కాపీ పుస్తకాల్లోనూ కనిపిస్తాయి.

మొన్న కార్తీకం వెళ్ళాక మడుగు వైపు వెళ్ళాను. ప్రతి ఏడూ ఈపాటికి సగం కోసేసి ఉండేది. ఈసారి జీలుగ మనిషెత్తున అలాగే నిలబడి ఉంది, కాడలు ముదిరి నల్లబడుతున్నాయి. ఇంటికొచ్చి అడిగాను.

"వదినా, ఈ ఏడు జీలుగ కొయ్యవా?"

ఆవిడ కొవ్వొత్తి మంట మీద కత్తి తిప్పుతోంది.

"ఎవరికి?" అంది.